రెండు నిమిషాల రాజధాని

కృపారావు రిటైరైన మూడో రోజున వాళ్ళావిడ ప్రేమకుమారి పచ్చడి కోసం మిక్సీ వేసింది. అది తిరిగినంతసేపు తిరిగింది. ఆవిడ ఆపబోతుంటే వెనకనుంచి "హోల్డాన్!" అని ఒక గావుకేక. ఆవిడ చేతిలో మూత ఎగిరి పోపులడబ్బాలో పడింది. గుండె దడ తగ్గాక మళ్ళీ స్విచ్ నొక్కితే, "రైట్, రైట్!"

అప్పుడర్థమైంది ఆవిడకి. ఈ మహానుభావుడు టికెట్ల మిషన్ని డిపోలో అప్పజెప్పాడు గానీ ఉద్యోగాన్ని మాత్రం నందిగామలో ఇంటికి తెచ్చుకున్నాడు.

తెచ్చుకోక ఏం చేస్తాడు లెండి! ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ కండక్టరు. పొద్దున జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా విజయవాడ, సాయంత్రం విజయవాడ నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట. చిల్లకల్లులో ఎక్కిన మనిషి ఎక్కడ దిగుతాడో మొహం చూసి చెప్పేవాడు. ఆయనకి రెండు గర్వాలుండేవి. ఒకటి, ఏ స్టాపులోనూ ఒక్క మనిషిని కూడా మర్చిపోయి వదిలేసి రాలేదు. రెండోది, ఆయన బస్సు చిల్లకల్లు దాటాక ఒక్క సీటు కూడా ఖాళీగా పోలేదు. ఖాళీ సీటు కనిపిస్తే ఆయనకి ఒళ్ళు జిలపుట్టేది. పెనుగంచిప్రోలు తిరునాళ్ళ రోజుల్లో అయితే ఆయన "లోపలికి జరగండి, ఇంకా బోలెడు చోటుంది" అంటుంటే, ఒంటికాలి మీద నిలబడ్డవాళ్ళు కూడా నిజమే కాబోలు అనుకుని రెండో కాలు పెట్టడానికి చోటు వెతుక్కునేవాళ్ళు.

ఇన్నేళ్ళలో ఆయన చెయ్యని పని ఒక్కటే. దిగలేదు. "కొండపల్లి కోటకెళ్ళేవాళ్ళు దిగండమ్మా" అని రోజూ అరిచాడు. కోట ఎర్రగా ఉంటుందో నల్లగా ఉంటుందో తెలియదు. బస్టాండ్లో "అమరావతి బస్సు ఏది బాబూ" అని అడిగిన వాళ్ళకి వేలమందికి దారి చూపించాడు. అమరావతి మాత్రం చూడలేదు.

రిటైరయ్యాక మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడం కూడా చేతకాలేదు ఆయనకి. కుర్చీ పక్కన నిలబడి, ఒక చెయ్యి పైకెత్తి కిటికీ ఊచ పట్టుకుని టీవీ చూసేవాడు. అన్నిటికన్నా పెద్ద బాధ గొంతుది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నలభై, యాభై మందిని ఒక్క కేకతో కదిలించిన గొంతు అది. ఇప్పుడు దానికి మిగిలిన పని "కాస్త మజ్జిగ ఇస్తావా" అని అడగటం. ఒకరోజు ప్రేమకుమారితో అన్నాడు కూడా. "నా మాట వినేవాళ్ళు లేకపోతే నేనున్నట్టే లేదు ప్రేమా." అంటూ మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పుడే నందిగామలో జగన్నాథరావు గారి టూరిస్టు బస్సుకి గైడు లేకుండా పోయాడు. జగన్నాథరావు యాభై దాటిన మనిషి. పొట్ట ముందు వచ్చి తర్వాత ఆయన వస్తాడు. ఆయన బస్సు ప్రతి ఆదివారం జగ్గయ్యపేటలో బయల్దేరి, చిల్లకల్లు, నందిగామల్లో జనాన్ని ఎక్కించుకుని, "ఒక్కరోజులో ప్రాచీన రాజధాని" అని ఉండవల్లి గుహలూ, అమరావతీ తిప్పుకొస్తుంది. ఉన్న గైడు హైదరాబాదులో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు. సంగతి తెలిసిన గంటలో కృపారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను పెట్టుకోండి రావుగారూ."

"మీకేం తెలుసండీ శాతవాహనుల గురించి?"

"ఇవాళ్టికి ఏం తెలీదు. రెండు వారాలు టైమివ్వండి, నేర్చుకుంటా. మందిని ఎక్కించడం, దించడం, టైముకి చేర్చడం మాత్రం ఈ జిల్లాలో నాకంటే ఎవడికన్నా తెలిస్తే వాణ్ణే పెట్టుకోండి."

జగన్నాథరావుకి నవ్వొచ్చింది. "సరే, ఒక్క ట్రిప్పు. నేనూ వస్తా. తిరిగి నందిగామ చేరేటప్పుడు అడుగుతా, మళ్ళీ ఈయనతో వస్తారా అని. సగం మంది చేతులెత్తితే ప్రతి ఆదివారం మీదే. ఎత్తకపోతే నన్ను తిట్టుకోకూడదు."

ఇక చూడాలి ఆ ఇంట్లో సందడి! ప్రేమకుమారి ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పిన టీచరు. మొగుణ్ణి నేలమీద కూర్చోబెట్టి, చేతిలో స్కేలు పట్టుకుని మరీ చెప్పింది. ధాన్యకటకం అంటే ఇప్పటి ధరణికోట, అమరావతి చుట్టుపక్కల. రెండువేల ఏళ్ళ నాటి శాతవాహనుల రాజధాని. అక్కడ కట్టిన మహాచైత్యం ఒకప్పుడు మేడంత ఎత్తు. ఇప్పుడు అడుగుభాగం మిగిలింది. చెక్కిన రాళ్ళు చాలా మటుకు చెన్నైకీ, లండన్‌కీ పోయాయి. ఆయన బుద్ధిగా అంతా ఒక నోటుపుస్తకంలో ఎక్కించాడు. కానీ ఎలా ఎక్కించాడు? ఒకటో స్టేజి ఉండవల్లి, రెండో స్టేజి అమరేశ్వరస్వామి గుడి, మూడో స్టేజి మహాచైత్యం, నాలుగు మ్యూజియం, ఐదు ధ్యానబుద్ధ విగ్రహం. ఒక్కో స్టేజి పక్కన వచ్చే టైము, పోయే టైము.

ఆవిడ ఆ పుస్తకం చూడలేదు. చూసి ఉంటే అక్కడే ఆపేది. బయల్దేరే ముందు రోజు మాత్రం ఒక బొమ్మ చేతిలో పెట్టింది. గుండ్రటి రాయి ఫొటో, కాగితం మీద పెద్దది చేయించింది. "అసలు రాయి చెన్నై మ్యూజియంలో ఉంది. ఏనుగు కథ చెప్పాగా, అదే. మిగతాదంతా మర్చిపోయినా పర్లేదండీ, ఇది మాత్రం అక్కడ నిలబడి చూపించండి." ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంకా పారెయ్యని తోలుసంచిలో కుక్కాడు.

ఆదివారం పొద్దున ఆరుగంటలకి జగ్గయ్యపేటలో బస్సు దగ్గర కృపారావుని చూడాలి. తెల్లచొక్కా, భుజాన తోలుసంచి, మెడలో ఈల. కాలు నేలమీద నిలవడం లేదు. డ్రైవరు సాంబయ్య పాత స్నేహితుడు, ఆయన కూడా ఆర్టీసీలో చేసి వచ్చినవాడే. "అన్నా, పెళ్ళికొడుకులాగున్నావ్" అన్నాడు. కృపారావు సిగ్గుపడ్డాడు కూడా.

అందరికన్నా ముందు ఎక్కింది సుబ్బమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళ రైతుమనిషి. పెనుగంచిప్రోలు నుంచి చీకటితో ఆటో మాట్లాడుకుని వచ్చింది. చేతికర్ర, ఇడ్లీల డబ్బా, రెండు మోకాళ్ళకీ పట్టీలు. "మెల్లగా దించాలబ్బాయ్, మెల్లగా ఎక్కించాలి. నా మోకాళ్ళు నా మాట వినవు" అని ముందే చెప్పింది.

"నేనున్నాగా పెద్దమ్మా" అన్నాడు కృపారావు. ఆ మాట తర్వాత రోజంతా ఆయన్ని పొడుస్తూనే ఉంది.

జగ్గయ్యపేటలో సుబ్బమ్మతో కలిపి ఏడుగురు, చిల్లకల్లులో పదిమంది, నందిగామలో ప్రేమకుమారి, జగన్నాథరావుతో కలిపి ఇంకో పాతికమంది ఎక్కారు. మొత్తం నలభై రెండు. సీట్లన్నీ నిండాయి. కృపారావు ఈల ఊదాడు. ఆహా, ఆ "రైట్" చెప్పినప్పుడు ఆయన గొంతులో మూడు నెలల ఆకలి తీరింది.

ఎనిమిదిన్నరకి ఉండవల్లి. కొండని తొలిచి కట్టిన నాలుగు అంతస్తులు, లోపల పొడుగ్గా పడుకున్న అనంతపద్మనాభస్వామి. జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. "ఒకే రాయి. స్వామి పడుకున్నాడు, లేవడు. మనం లేద్దాం, పదండి పదండి!" ఈల. ఒకావిడ చెప్పులు వేసుకునేలోపు సగం బస్సు నిండిపోయింది.

తొమ్మిదీ యాభైకి అమరావతి. కృష్ణ ఒడ్డున అమరేశ్వరస్వామి గుడి. "తెల్లటి లింగం, పొడుగు చూశారుగా, మొక్కారుగా, ముందుకు జరగండి, వెనకాల వాళ్ళకి దారివ్వండి!" పూజారిగారు హారతి పళ్ళెం పట్టుకుని ఇటు తిరిగేసరికి అక్కడ ఎవరూ లేరు. ప్రేమకుమారి వెనకనుంచి "ఏవండీ, కాస్త ఆగండి" అంటూనే ఉంది. టైము తప్పని కండక్టరుకి అదెక్కడ వినపడుతుంది?

మహాచైత్యం దగ్గర మరీ ఘోరం. పచ్చిగడ్డి మధ్యలో పెద్ద గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన రాతి పలకలు. "ఇదే మహాచైత్యం. ప్రదక్షిణం చెయ్యండి. లోపలికి జరగండి, జరగండి!" తిరునాళ్ళ బస్సులో జరిపినట్టే జరిపాడు. జనం గుండ్రంగా జరిగి జరిగి నాలుగు నిమిషాల్లో బయల్దేరిన చోటికే వచ్చారు. "అయిపోయిందా?" అని ఎవరో అడిగారు. "అయిపోయింది!" అన్నాడు కృపారావు, రైటు టైము చూసుకుని పొంగిపోతూ.

మ్యూజియంలో ఒక రాతి మీద ఖాళీ సింహాసనం, దాని కింద రెండు పాదాలు. "ఆ రోజుల్లో కొన్ని రాళ్ళ మీద బుద్ధుడి బొమ్మ చెక్కేవాళ్ళు కాదు. ఖాళీ సీటే బుద్ధుడు. పదండి." బయటికొచ్చి బస్సులో తలలు లెక్కపెట్టాడు. నలభై రెండు. ఈల. ధ్యానబుద్ధుడి దగ్గర దించాడు. నూటపాతిక అడుగుల విగ్రహం. "కళ్ళు మూసుకున్నాడు చూశారుగా." జనం ఫోన్లు తీసేలోపు ఈల.

పదకొండూ పదికి అంతా అయిపోయింది.

కృపారావు మెట్టు మీద నిలబడి, చెమట తుడుచుకుని, గర్వంగా అందరి మొహాలూ చూశాడు. ఎవరి మొహంలోనూ కళ లేదు. నందిగామ నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది, "ఇప్పుడేంటండీ?"

"ఇప్పుడా... ఇంటికి."

బస్సు గొల్లుమంది. "ఇంటికా! పన్నెండన్నా కాలేదు! పులిహోర మూతే తియ్యలేదు!" "నేనసలేం చూశానో నాకే తెలీదు." "ఆయనగారి ఈల తప్ప నాకేం గుర్తులేదమ్మా."

జగన్నాథరావు మెల్లగా లేచాడు. "కృపారావుగారూ, రెండువేల ఏళ్ళ రాజధానిని గంటా ఇరవై నిమిషాల్లో ముగించారు. దండెత్తి వచ్చిన శత్రువులు కూడా ఇంత త్వరగా ముగించి ఉండరండీ."

అందరూ నవ్వారు. కృపారావుకి తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్కో స్టాపులో రెండు నిమిషాలాగి వెళ్ళిపోయిన మనిషి, రాజధాని దగ్గర కూడా అదే పని చేశాడని అప్పుడు తెలిసింది ఆయనకి. దిగమని అందర్నీ అరిచాడు గానీ తను ఇప్పటికీ దిగలేదు. ఈ ఆదివారంతో ఆఖరు, రేపట్నుంచి మళ్ళీ మజ్జిగే అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా ఉండటానికి తలలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

నలభై ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఒకటి. ముందు వరసలో కిటికీ పక్క సీటు ఖాళీ. దాని మీద ఇడ్లీల డబ్బా తాలూకు గుడ్డసంచి ఒక్కటే ఉంది.

"సుబ్బమ్మగారేరీ?"

మహాచైత్యం దగ్గర దిగడం చూశాం అన్నారు. ఎక్కడం ఎవరూ చూడలేదు. మరి మ్యూజియం దగ్గర నలభై రెండు ఎలా వచ్చింది? అప్పుడు సాంబయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అన్నా, వేరుశనక్కాయలమ్మే ఆవిడ లోపలికొచ్చింది చూడు, ఆవిణ్ణి కూడా లెక్కేశావ్!"

ఒక్క మనిషిని వదిలి రాలేదన్న గర్వం అక్కడితో సరి. "తిప్పు సాంబయ్యా, తిప్పు!" అని అరిచాడు కృపారావు. మోకాళ్ళు వంగని పెద్దమనిషి, ఊరుగాని ఊరు, ఎండ. ఆ పది నిమిషాలూ ఆయన చేసిన ప్రార్థన ఏ ఆదివారం చర్చిలోనూ చేసి ఉండడు. బస్సు పూర్తిగా ఆగకముందే దూకి, చెప్పు ఒకటి ఊడిపోతే అది వదిలేసి పరుగెత్తాడు.

సుబ్బమ్మ చైత్యం పక్కన చెట్టునీడలో బల్ల మీద కూర్చుని నింపాదిగా ఇడ్లీ తింటోంది.

"పెద్దమ్మా! క్షమించు పెద్దమ్మా! ఎటు పోయావ్?"

"నేనెటూ పోలా అబ్బాయ్" అంది సుబ్బమ్మ. "మీరే పోయారు."

కృపారావు గడ్డి మీద కూలబడ్డాడు. ఆ రోజు మొత్తంలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. అరికాలికి గడ్డి చల్లగా తగిలింది. ఎదురుగా చైత్యం ఉంది. ఒక్క నిమిషం కళ్ళెత్తి చూశాడు. అంత పెద్దదని ఇందాక తెలియలేదు ఆయనకి.

"చుట్టూ తిరిగొచ్చా" అంది సుబ్బమ్మ. "అంతలేసి రాళ్ళు తెచ్చి, అంత గుండ్రంగా పెట్టారంటే ఏదో ఉండే ఉంటది. ఎవరన్నా చెప్పకపోతారా అని కూర్చున్నా. నువ్వు చెప్పకుండానే ఈల ఊదావ్. ఇప్పుడు చెప్పు, వింటా."

ఈలోగా జనమంతా దిగి వచ్చారు. పెద్దమ్మ క్షేమంగా ఉందని తెలిసి కొందరు ఊపిరి పీల్చుకున్నారు, కొందరు ఇడ్లీల వాసనకి పులిహోర డబ్బాలు తీశారు. కృపారావు తోలుసంచి తెరిచాడు. నోటుపుస్తకం పక్కన పెట్టేశాడు. అడుగున నాలుగు మడతల కాగితం దొరికింది. విప్పాడు. ముందురోజు నుంచీ తన దగ్గరున్న బొమ్మని అప్పుడు చూశాడు, నిజంగా చూశాడు.

"అరే" అన్నాడు. "ఇది మన తిరునాళ్ళ బస్సు!"

అందరూ మీదకి వంగారు. గుండ్రటి రాయి నిండా జనం. ఇంత చోటు కూడా ఖాళీ లేదు. మదమెక్కిన ఏనుగు వీధిలోకి వచ్చి పడింది. ఒకణ్ణి తొండంతో పట్టుకుని విసురుతోంది. పారిపోయేవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు, పక్కనున్న మనిషిని గట్టిగా పట్టుకున్న ఒక ఆడమనిషి, పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు. పక్కనే మళ్ళీ అదే ఏనుగు, బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలి ఉంది. బుద్ధుడంటే గిట్టనివాడు ఏనుగుకి కల్లు తాగించి ఆయన మీదకి వదిలాడట. ఆ కథ ఈ మహాచైత్యం మీద చెక్కారు. ఆ రాయి ఇప్పుడు ఇక్కడ లేదు.

"రాయి లేకపోతే ఏం, మనం లేమా?" అన్నాడు కృపారావు. లేచి నిలబడ్డాడు. ఆ కళ్ళలో మెరుపు చూసి ప్రేమకుమారి, "అయ్యో దేవుడా, ఈయనకేదో అయింది" అంది, నవ్వాపుకుంటూ.

ఈల! "రాళ్ళ జోలికి ఎవరూ పోకండి, అంతా గడ్డి మీదకి రండి! మీ నలుగురూ మేడ మీద కిటికీలు, ఈ బల్ల వెనక నిలబడి తొంగిచూడండి. అలాక్కాదమ్మా, బస్సొచ్చిందా లేదా అని చూసినట్టు చూడాలి! మీరిద్దరూ పారిపోయేవాళ్ళు. ప్రేమా, నువ్వు భయపడి పట్టుకునే ఆవిడవి."

"ఎవర్ని పట్టుకోనండీ?"

"ఇంకెవర్ని, నన్నే!"

ఆడవాళ్ళంతా ఓయ్ అని అరిచారు. అక్కడి కాపలాదారు తన ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. రాళ్ళ మీద ఎవరూ లేరు. అందరూ గడ్డి మీదే ఉన్నారు. ఏమని కోప్పడాలో తెలియక, "ఏం చేస్తన్నారు మీరు?" అన్నాడు. సంగతి విన్నాడు. "ఏనుగెవరు మరి?" అని ఆయనే అడిగాడు.

నలభై మంది తలలూ ఒకేసారి జగన్నాథరావు వైపు తిరిగాయి.

"నేనా! ఛఛ. నేను ఓనర్నండీ!"

"ఓనరు కాబట్టేనండీ, ఇంకెవరికీ ఆ నిండుదనం లేదు" అన్నాడు కృపారావు. ఎవరో కండువా తెచ్చి ఆయన మెడకి ముడేశారు, తొండం. జగన్నాథరావు కాసేపు బిగుసుకుని నిలబడ్డాడు. తర్వాత ఏమనిపించిందో ఏమో, చెప్పులు విడిచి, కండువా ఊపి, ఒక్క ఘీంకారం పెట్టి కదిలాడు. ఎంత నిజంగా వచ్చిందో ఆ ఘీంకారం! పారిపోయేవాళ్ళు నిజంగానే పారిపోయారు. మేడ మీది కిటికీ ఒకటి కెవ్వున అరిచి బల్ల వెనక దాక్కుంది. సాంబయ్య తొండానికి చిక్కిన మనిషి. కండువా తగలకముందే తనంతట తనే గాల్లోకి ఎగిరి గడ్డి మీద మూడు పొర్లు పొర్లాడు. ప్రేమకుమారి కృపారావు చెయ్యి పట్టుకుని, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాపలాదారు పొట్ట పట్టుకున్నాడు.

"ఆగండాగండి! బుద్ధుడెవరు?" అని ఎవరో అరిచారు.

ఏనుగు ఆగింది, రొప్పుతూ. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబ్బమ్మగారు నిలబడితే బాగుంటుందన్నారు. ఆవిడ చెంపలేసుకుంది. "అపచారం, నేనేంది, ఆయనేంది!"

కృపారావు బొమ్మ వైపు చూశాడు. తర్వాత మ్యూజియంలో ఈల ఊది దాటించేసిన ఆ ఖాళీ సింహాసనం గుర్తొచ్చింది.

"ఎవరూ వద్దు" అన్నాడు. గొంతు దానంతటదే తగ్గింది. "ఆ చోటు ఖాళీగా ఉంచుదాం. వెనక్కి జరగండి. ఇంకొంచెం. అది ఆయన సీటు."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో కృపారావు ఒక చోటు ఖాళీగా ఉంచమని చెప్పడం అదే మొదలు. సాంబయ్య గడ్డిలోంచి తలెత్తి ఆశ్చర్యంగా చూశాడు. జనం జరిగారు. మధ్యలో ఇంత పచ్చిక మిగిలింది. జగన్నాథరావు మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు, కండువా ఊపుకుంటూ, ఆయాసపడుతూ. ఆ ఖాళీ ముందుకి వచ్చి ఆగాడు. నవ్వు ఆగిపోయింది. ఆయన మెల్లగా మోకాళ్ళ మీద వాలి, తల వంచాడు. సుబ్బమ్మ రెండు చేతులూ జోడించింది. చైత్యం మీదుగా కృష్ణ గాలి వచ్చి అందరికీ తగిలింది.

కాసేపటికి ఏనుగు మాట్లాడింది.

"లేవలేకపోతున్నా. ఎవరన్నా లేపండర్రా."

ఇక నవ్వులు చూడాలి! నలుగురు కలిసి లేపారు. లేపుతూ ఇద్దరు పడ్డారు. "నా మోకాళ్ళు మీకెప్పుడిచ్చానయ్యా" అంది సుబ్బమ్మ. దాంతో మళ్ళీ మొదలు. ఇంకోసారి వేద్దాం, ఈసారి నేను పారిపోతా, కిటికీలో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయ్ అని ఒకటే గోల. మూడుసార్లు ఆడారు. పులిహోర అక్కడే బయట చెట్టుకింద తిన్నారు. తర్వాత ఈల లేకుండానే మ్యూజియానికి నడిచారు. ఒక్కో రాయి దగ్గరా ఆగి ఆగి, "ఇదిగో, ఈ మూల తొంగిచూస్తోంది, అచ్చం నేనే!" "మీరేరీ రావుగారూ, ఈ రాళ్ళల్లో ఏనుగులు బోలెడున్నాయ్!" అని వెతుక్కున్నారు. ఖాళీ సింహాసనం దగ్గర అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది కృపారావే. ధ్యానబుద్ధుడి దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆ రోజు రైటు టైము ఎప్పుడో తప్పిపోయింది. కృపారావు వాచీ జేబులో పెట్టేశాడు.

తిరుగు ప్రయాణంలో నలభై రెండు తలలూ మూడుసార్లు లెక్కపెట్టాడు. కృష్ణ దాటాక అసలు సంగతి గుర్తొచ్చింది. నందిగామ చేరేటప్పుడు చేతులెత్తమంటారు. ఎత్తుతారా? ఉదయం ఈల ఊది తరిమిన సంగతి మర్చిపోతారా? కంచికచర్ల దాటింది. ఆయన మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు.

బస్సు బస్సంతా నిద్రపోతోంది.

ఆటలాడి ఆటలాడి అలిసిన జనం. తలలు వాలిపోయి, నోళ్ళు తెరుచుకుని, ఒకరి భుజం మీద ఒకరు పడుకున్నారు. ప్రేమకుమారి కూడా కిటికీకి తల ఆనించి పడుకుంది, పెదాల మీద నవ్వు ఇంకా ఉంది. చేతులెత్తడానికి ఒక్కరు లేరు. కృపారావుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు సీట్లో మోకాళ్ళకి బామ్ రాసుకుంటున్న జగన్నాథరావు వెనక్కి తిరిగి ఆ తలలన్నీ చూశాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన మళ్ళీ ముందుకి తిరిగి రెండో మోకాలికి బామ్ రాయడం మొదలెట్టాడు. నందిగామ దీపాలు కనపడుతున్నాయి.

"కృపారావుగారూ."

"చెప్పండి రావుగారూ."

"వచ్చే ఆదివారం ఏనుగుని మాత్రం వేరే చూసుకోండి. నావల్ల కాదు."

మాట అర్థం కావడానికి కృపారావుకి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గట్టిగా ఈల ఊదాలనిపించింది. నోట్లో పెట్టుకున్నాడు కూడా. నిద్రపోతున్న తలలన్నిటినీ ఒకసారి చూసి, ఈల తీసి జేబులో వేసుకున్నాడు. ప్రతి సీటు దగ్గరికీ వెళ్ళి, నందిగామలో దిగేవాళ్ళని భుజం తట్టి, ఒక్కొక్కళ్ళని చెయ్యి పట్టుకుని దింపాడు. ప్రేమకుమారిని మాత్రం లేపలేదు. జగ్గయ్యపేట దాకా పోయి ఈ బస్సులోనే వెనక్కి రావచ్చులే అనుకున్నాడు.

నందిగామవాళ్ళందరూ దిగాక సాంబయ్య అద్దంలోంచి చూశాడు. "ఏందన్నా, రైట్ అనవా?"

కృపారావు వాళ్ళావిడ పక్క సీట్లో కూర్చున్నాడు. "రైట్" అన్నాడు, మెల్లగా, ఆవిడ లేవకుండా.